ఇక్కడి నుంచి ఇక్కడి దాకా

సీ భాషలో రాసిన ప్రోగ్రాముకి ఒక వాక్యం ఇచ్చి, ఇందులో తేదీ ఎక్కడుందో వెతకమంటే వెతుకుతుంది. దొరికిన తేదీని మాత్రం తీసి చేతిలో పెట్టదు. రెండు అంకెలు చెబుతుంది: ఇక్కడ మొదలైంది, ఇక్కడికి అయిపోయింది. అంతటితో దాని పని ముగిసింది. ముక్కను కోసుకోవడమా, కోయకుండా అక్కడే ఉంచి చదువుకోవడమా, అసలు దాన్ని వదిలేయడమా అన్నది ఇక మన ఇష్టం. చాలా భాషలు మామూలుగా ఈ ఇష్టాన్ని మనకు మిగల్చవు. అడగ్గానే ముక్క కోసి పళ్ళెంలో పెట్టి ఇస్తాయి. ఎన్నో ఏళ్ళుగా రెండు రకాల భాషల్లోనూ పని చేస్తున్నాను. సీ చేసేదే సరైన పని అని రోజురోజుకీ గట్టిగా నమ్ముతున్నాను.

ఈ మాట ఆఫీసులో అన్నప్పుడు ఒక కొత్త ఇంజనీరు ఒప్పుకోలేదు. "మేడమ్, నేను బ్రాకెట్లు పెట్టి మరీ అడిగాను కదా, ముక్క ఏదండీ? అంకెలు నాకెందుకు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే వెతకాల్సినదాని ఆకారం చెప్పే చిన్న నమూనా. ఆ నమూనాలో ఏ భాగం మనకు ప్రత్యేకంగా కావాలో దాని చుట్టూ బ్రాకెట్లు పెడతాం. ([0-9]+)-([0-9]+)-([0-9]+) అని రాస్తే, గీతలతో విడిపోయిన మూడు అంకెల గుంపులు కావాలనీ, మూడింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోమనీ అర్థం. బ్రాకెట్లు పెట్టినవాడికి ఆ మూడు గుంపులూ మూడు మాటలుగా చేతికి రావాలనిపించడం సహజం. ఎందుకు రావో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈ నమూనాల వెనకున్న గణితం స్టీఫెన్ క్లీనీది. 1951లో ర్యాండ్ సంస్థ కోసం రాసిన ఒక నివేదికలో, నాడీకణాల వలలు ఏయే సంఘటనలను గుర్తుపట్టగలవో వర్ణించడానికి ఆయన ఈ రాత పద్ధతిని తయారు చేశాడు. ఆ గణితం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ వరస ఆ గుంపులో ఉందా, లేదా? ఔను, కాదు. అంతకు మించి అడగడం దానికి తెలియదు. 1968లో కెన్ థాంప్సన్ అదే గణితాన్ని ఐబీఎం 7094 యంత్రానికి సూటిగా నడిచే కోడ్‌గా మార్చే పద్ధతి ప్రచురించాడు. దాని అందం ఎక్కడుందంటే, నమూనాలో ఎన్ని దారులుంటే అన్ని దారుల్లోనూ ఒకేసారి నడుస్తుంది, వెనక్కి తిరగదు. ఏ ఒక్క దారి చివరికి చేరినా ఔను అంటుంది. కానీ ఏ దారిన వచ్చిందో దానికి గుర్తుండదు. దారి గుర్తు లేకపోతే ఏ బ్రాకెట్టు ఎక్కడ తెరుచుకుందో, ఎక్కడ మూసుకుందో చెప్పలేం.

ఎక్కడ అన్న ప్రశ్న గణితంలోంచి పుట్టలేదు. ఎడిటర్లు వాడేవాళ్ళ అవసరంలోంచి పుట్టింది. యూనిక్స్‌లోని ఈడీ ఎడిటర్‌లో ఒక వరసలో దొరికిన భాగాన్ని తీసి అటుదిటు మార్చి తిరిగి రాయాలంటే, ఆ భాగం హద్దులు తెలియాలి. అందుకని బ్రాకెట్లకు రెండో పని వచ్చింది: గుంపు కట్టడంతో పాటు గుర్తుపెట్టుకోవడం. థాంప్సన్ పద్ధతి వేగాన్ని పోగొట్టకుండా ఈ గుర్తును కూడా మోయడం ఎలా అన్నదానికి తర్వాత రాబ్ పైక్ తన శామ్ ఎడిటర్‌లో జవాబు చూపించాడు: ప్రతి దారీ తన బ్రాకెట్ల హద్దులను తనతోనే మోసుకుపోతుంది. 2000 సంవత్సరంలో విల్లే లౌరికారి ఆ హద్దులనే ట్యాగులుగా, నమూనాను నడిపే ఊహాయంత్రం (ఆటోమేటన్) బొమ్మలోకే ఎక్కించాడు. మూలం ఔనుకాదుల గణితం, దాని మీద హద్దుల అవసరం వచ్చి కూచుంది. ఇప్పటికీ సీ లైబ్రరీలో ఆ రెండు పొరలూ విడివిడిగా కనిపిస్తాయి. నాకు హద్దులు అక్కర్లేదు, ఉందో లేదో చెబితే చాలు అనడానికి ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. అది పెట్టి అడిగితే లైబ్రరీకి మోత తగ్గుతుంది.

సీలో ఈ పని మొదట విస్తారంగా చేసిపెట్టింది హెన్రీ స్పెన్సర్. టొరంటో విశ్వవిద్యాలయంలో ఉండగా, బెల్ ల్యాబ్స్ వాళ్ళ లైబ్రరీ వాడుక తీరునే ఉంచుతూ సొంతంగా ఒకటి రాసి 1986లో అందరికీ ఇచ్చేశాడు. తర్వాత పెర్ల్ భాష ఇంజన్‌ను దాని మీదే కట్టారు. స్పెన్సర్ లైబ్రరీలో ప్రతి బ్రాకెట్టుకీ రెండు పాయింటర్లు వచ్చేవి: మొదలు, చివర. 1992లో, యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పాజిక్స్‌లోకి ఈ వెతుకులాట చేరేసరికి పాయింటర్లు పోయి అంకెలు వచ్చాయి. అందులో రెగ్‌కాంప్ అన్న ఫంక్షన్ నమూనాను చదివి సిద్ధం చేస్తుంది. రెగ్‌ఎగ్జెక్ వాక్యంలో వెతికి, మనం ఇచ్చిన పట్టికను జతలతో నింపుతుంది. సున్నా నంబరు గడిలో మొత్తం దొరికిన భాగం హద్దులుంటాయి. ఒకటి నుంచి బ్రాకెట్ల హద్దులు, తెరుచుకున్న వరసలో. ఎన్ని గడులు కావాలో నమూనాయే చెబుతుంది, దానికి ఒకటి కలుపుకుంటే సరి.

పాయింటర్లు పోయి అంకెలు రావడం చిన్న మార్పులా కనిపిస్తుంది. నా లెక్కలో అదే అసలు మెరుగు. పాయింటర్ అంటే మెమరీలో ఫలానా చోటు. వాక్యం ఉన్న బఫర్ పెద్దదవ్వాల్సి వచ్చి మెమరీలో మరో చోటికి కదిలిందంటే, పాత పాయింటర్లన్నీ చచ్చినట్టే. అంకె అలా కాదు. అది వాక్యం మొదలు నుంచి ఇంత దూరం అని చెబుతుంది. వాక్యం ఎక్కడికి కదిలినా ఆ దూరం మారదు. భూమి దస్తావేజులో రాసే చెక్కుబందీ లాంటిదన్నమాట. దస్తావేజు పొలాన్ని మోసుకురాదు. తూర్పున ఎవరిది, పడమర ఏది అని హద్దులు చెబుతుంది. కాగితం చేతిలో ఉన్నవాడికి పొలం ఉన్నచోటే ఉంది, పక్క పొలాలూ ఉన్నచోటే ఉన్నాయి.

అంకెలకున్న రెండో సుగుణం వాటి ముగింపు తీరు. చివరి అంకె ఆఖరి అక్షరం చోటు కాదు, దాని తర్వాతి చోటు. మొదటిసారి చూసినవాళ్ళు తికమక పడతారు. ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1982లో చేత్తో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఇదెందుకు మంచిదో చెప్పాడు. మొదలు కలుపుకుని చివర వదిలేస్తే, రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే పొడవు వస్తుంది. ఒక భాగం ముగిసిన అంకె దగ్గరే దాన్ని ఆనుకున్న భాగం మొదలవుతుంది. ఏమీ లేని ఖాళీ భాగానికి రెండు అంకెలూ సమానం. ఎక్కడా ఒకటి కలపడం, ఒకటి తీసేయడం ఉండదు.

ఇంతకీ కోయడానికి అంత సంకోచం ఎందుకు? సీలో మాటల వరస ఎక్కడ ముగుస్తుందో చెప్పేది దాని చివరనున్న సున్నా బైటు. వాక్యం మధ్యలో ఉన్న ముక్క చివర ఆ సున్నా ఉండదు, పక్క మాట ఉంటుంది. అక్కడ సున్నా రాస్తే వాక్యం తెగిపోతుంది. కాబట్టి ముక్క విడిగా కావాలంటే పొడవుకి ఒకటి కలిపి అంత మెమరీ అడిగి తీసుకోవాలి, బైట్లు అందులోకి కాపీ చెయ్యాలి, చివర సున్నా పెట్టాలి, పనయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి. ఇదంతా చేయాల్సిన అవసరం అనుకున్నంత తరచుగా రాదు. అచ్చు వేయడానికైతే ప్రింట్‌ఎఫ్‌కి పొడవు చెప్పి, ఇక్కడి నుంచి ఇన్ని బైట్లే వెయ్యి అంటే చాలు. పోల్చడానికి మెమ్‌కంప్ ఉంది. మరో వాక్యంలో అతికించడానికి హద్దులు చాలు.

కోసిన ముక్క ఒకదాన్ని పోగొట్టుకుంటుంది: అది ఎక్కడిదన్న సంగతి. తేదీలో నెల 13 అని వచ్చిందనుకోండి. చేతిలో 13 అన్న ముక్క మాత్రమే ఉంటే, తప్పు ఉంది అనగలం. హద్దులు ఉంటే, ఫలానా వరసలో ఫలానా చోట తప్పు ఉంది అని వేలు పెట్టి చూపించగలం. దాని ముందు ఏముందో, తర్వాత ఏముందో చదివి, బహుశా రాసినవారు నెల ముందు, రోజు తర్వాత రాశారని గ్రహించగలం. పాత రికార్డులను, జాబితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనుల్లో నేను మళ్ళీ మళ్ళీ చూసినది ఇదే. ముక్కలు ఏరి పట్టికలో నింపి మూలాన్ని వదిలేసిన చోట, అనుమానం వచ్చినప్పుడు అడగడానికి ఎవరూ మిగలరు. హద్దులు దాచుకున్న చోట మూలమే సాక్ష్యం చెబుతుంది.

లేకపోవడం వేరు, ఖాళీగా ఉండడం వేరు అన్న సంగతిని కూడా ఈ జతలు చాలా నిజాయితీగా మోస్తాయి. తేదీలో సంవత్సరం ఉండొచ్చు, లేకపోవచ్చు అని నమూనా రాశామనుకుందాం. 26-01 అని మాత్రమే ఉంటే, సంవత్సరం బ్రాకెట్టు ఆ వెతుకులాటలో పాలుపంచుకోనే లేదు. అప్పుడు దాని రెండు హద్దులూ -1. అలా కాక 26-01- అని గీత పెట్టి వదిలేసి ఉంటే, నమూనా దానికి ఒప్పుకుంటే, రెండు హద్దులూ 6, 6. మొదటివారికి సంవత్సరం రాయాలన్న ఆలోచనే లేదు. రెండోవారు రాయబోయి ఆగారు. ఈ రెంటికీ తేడా తెలియని ప్రోగ్రాము మనుషుల ఉద్దేశాన్ని చెరిపేస్తుంది. ఇక్కడొక ప్రమాదం ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. పొడవు కోసం చివరిలోంచి మొదలు తీసేస్తాం కదా. ఆరులోంచి ఆరు తీసేస్తే సున్నా. మైనస్ ఒకటిలోంచి మైనస్ ఒకటి తీసేసినా సున్నాయే. అంటే హద్దులు చూడకుండా పొడవు లెక్కగట్టి కోసుకునే కోడ్ రెండు సందర్భాల్లోనూ ఒకే ఖాళీ ముక్కను తెచ్చి ఇస్తుంది. ఏ హెచ్చరికా రాదు. పైగా వాక్యం మొదలుకన్నా ఒక బైటు వెనక చోటును పట్టుకుని ఉంటుంది, అది సీ నియమాలు ఒప్పుకోని పని. అందుకే కొత్తవాళ్ళ కోడ్ చదివేటప్పుడు నేను మొదట చూసేది, పొడవు లెక్కగట్టేముందు -1 సంగతి అడిగారా లేదా అని.

హద్దులు ఎవరు నిర్ణయించాలన్నది కూడా అనుకున్నంత తేలిక కాదు. (1|12)(3|234)(4*) అన్న నమూనాతో 1234ను వెతికితే, పెర్ల్ తరహా ఇంజన్ మొదటి బ్రాకెట్టుకి 1 ఇచ్చి, రెండోదానికి 234 ఇచ్చి, మూడోదాన్ని ఖాళీగా ఉంచుతుంది. ఎడమ నుంచి రాసిన వరసలో మొదట ప్రయత్నించినది కుదిరితే దానితో ఆగిపోతుంది. పాజిక్స్ నియమం వేరు. మొత్తం ఎంత పొడవు వీలైతే అంత, ఆ తర్వాత ఎడమ నుంచి ఒక్కో భాగానికీ ఎంత పొడవు వీలైతే అంత. అప్పుడు 12, 3, 4 వస్తాయి. రెండింటిలోనూ మొత్తం దొరికినది 1234యే. లోపలి గోడలు మాత్రం వేరువేరు చోట్ల పడ్డాయి. ఒకే వాక్యాన్ని, ఒకే నమూనాను ఇద్దరు చదివి రెండు తీర్పులు చెప్పారన్నమాట. ఔను, కాదుల ప్రపంచంలో ఈ గొడవే లేదు. ఎక్కడ అని అడిగిన క్షణం నుంచి ఒక న్యాయసూత్రం అవసరమైంది. పాజిక్స్ సూత్రం నాకు ఇష్టం, ఎందుకంటే అది నమూనా ఏమంటోందో దానికి కట్టుబడుతుంది, ఇంజన్ ఏ వరసలో వెతికిందో దానికి కాదు. కానీ దాన్ని అమలు చేయడం ఎంత కష్టమంటే, ఆ పేరుతో చలామణీ అయిన లైబ్రరీలు కూడా పరీక్షలకు పెట్టినప్పుడు చాలాచోట్ల తప్పాయి.

మళ్ళీ మళ్ళీ వచ్చే భాగాల విషయం కూడా అలాంటిదే. 10,20,30 అన్న వరసలో అంకె, దాని తర్వాత ఉంటే కామా అన్న గుంపు ఎన్నిసార్లైనా రావచ్చని రాసి బ్రాకెట్లు పెడితే, చివరికి ఆ బ్రాకెట్టులో మిగిలేది 30 ఒక్కటే. గడులు నమూనాలోని బ్రాకెట్లకు ఉంటాయి, వాక్యంలోని ముక్కలకు కాదు. అన్నీ కావాలంటే చిన్న నమూనాతో, దొరికిన చోటి చివర నుంచి మళ్ళీ వెతుక్కుంటూ పోవాలి. అప్పుడు కొత్త అంకెలు కొత్త మొదలు నుంచి లెక్కకొస్తాయి, వాటికి అంతకుముందు నడిచిన దూరం కలుపుకోవాలి. ఖాళీ భాగం దొరికితే ఒక అడుగు ముందుకు వేయాలి, లేకపోతే అక్కడే తిరుగుతూ ఉంటాం.

ఇక తెలుగు. ఇప్పటిదాకా చెప్పిన అంకెలన్నీ బైట్ల లెక్క. పాజిక్స్‌లోకి ఈ వెతుకులాట చేరిన 1992లోనే, సెప్టెంబరులో, థాంప్సన్, పైక్ ఇద్దరూ న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూచుని, యూనికోడ్ వర్ణాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించారు. తెలుగు అంతకు ముందే, 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే చోటు సంపాదించుకుంది. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణం ప్రతిదీ మూడు బైట్లు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడా ఒక్కోటి మూడేసి బైట్లే. వాటన్నిటి మొదటి బైటూ ఒకే విలువ, 224.

"తేదీ: 26-01-1950" అన్న వరసలో తేదీని వెతకండి. కంటితో చూస్తే రెండు అక్షరాలు, రెండు చుక్కల గుర్తు, ఒక ఖాళీ. వాటి తర్వాత తేదీ. అంటే సున్నా నుంచి లెక్కపెడితే నాలుగో చోటు. యూనికోడ్ సంకేతాలుగా లెక్కపెడితే తకారం, ఏత్వం, దకారం, దీర్ఘం విడివిడి కాబట్టి ఆరో చోటు. రెగ్‌ఎగ్జెక్ మాత్రం 14 అంటుంది. నాలుగు మూళ్ళు పన్నెండు, పైన రెండు. మొత్తం 14 నుంచి 24, రోజు 14 నుంచి 16, నెల 17 నుంచి 19, సంవత్సరం 20 నుంచి 24. మూడు లెక్కలూ నిజమే. సీ ప్రోగ్రాము బైట్లను పట్టుకు నడుస్తుంది కనుక దానికి 14 అన్నదే ఉపయోగపడే నిజం. ఆ 14ను తీసుకెళ్ళి తెర మీద పధ్నాలుగో అక్షరం కింద గీత గీయమంటే గీత తేదీ మొదట్లో కాక తేదీ చివరకి పోయి పడుతుంది.

లొకేల్, అంటే ఏ భాష, ఏ అక్షరాల పద్ధతి అన్న అమరిక, సరిచేయకుండా వదిలేస్తే సీ ప్రోగ్రాము తన పుట్టుకతో వచ్చిన సీ లొకేల్‌లోనే ఉంటుంది. అప్పుడు ఏదో ఒక అక్షరం అన్న అర్థంలో నమూనాలో చుక్క పెట్టి, దాని చుట్టూ బ్రాకెట్లు వేసి తెలుగు మాట మీద వదిలితే, చిక్కేది ఒక బైటు. అక్షరంలో మూడో వంతు. ఏ అక్షరానికైనా అదే 224, ఏ తెర మీదా కనిపించని తునక. లొకేల్ సరిచేస్తే చుక్క మూడు బైట్లనూ కలిపి పట్టుకుంటుంది. దానితో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. తెలుగువాడికి అవదు.

"పద్యం" అన్న మాటలో "పద" ఉందా? చదువరి కంటికి లేదు. అందులో ఉన్నది పకారం, ద్యం. యంత్రం మాత్రం 0 నుంచి 6 అంటుంది, ఎందుకంటే దకారం తర్వాత వచ్చే పొల్లు దానికి విడి వస్తువు. "రామాయణం"లో "రామ" కూడా ఇలాగే 0 నుంచి 9 దాకా దొరుకుతుంది. తెగిన దీర్ఘం అవతల అనాథగా పడి ఉంటుంది. ఈ ముక్కలను కోసి విడిగా పట్టుకుంటే "పద", "రామ" అని శుభ్రంగా, నిర్దోషంగా కనిపిస్తాయి. ముక్కను చూసి తప్పు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. హద్దు దగ్గర, చివరి అంకె చూపించే చోట ఏ గుర్తు ఉందో చూస్తేనే తెలుస్తుంది అక్షరాన్ని నరికామని. తెలుగులో వెతికే పనులు చేసేవాళ్ళు హద్దులను పారేయకూడదని నేను పట్టుబట్టడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

యూనికోడ్ వాళ్ళు కూడా ఈ సంగతిని ఆలస్యంగా సరిదిద్దారు. 2023లో వచ్చిన 15.1 కూర్పు దాకా, వాళ్ళ సాధారణ నియమం ప్రకారం "లక్ష్మి" నాలుగు ముక్కలు: లకారం, పొల్లు కకారం, పొల్లు షకారం, మి. తెలుగు బడిలో పలక పట్టిన పిల్లలు రెండే అక్షరాలు రాస్తారు. 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరం విడిపోకూడదన్న నియమం చేరింది, ఇప్పుడు యూనికోడ్ లెక్కలో కూడా "లక్ష్మి" రెండే.

సీ ప్రామాణిక లైబ్రరీలోకి ఆ జ్ఞానం రాలేదు. అందుకని తెలుగు మీద నడిచే ప్రతి ప్రోగ్రాములోనూ రెగ్‌ఎగ్జెక్ తర్వాత ఒక చిన్న పరీక్ష రాసుకుంటాను. చివరి అంకె చూపించే చోట గుణింతపు గుర్తో, పొల్లో, సున్నో ఉంటే ఆ దొరికినదాన్ని ఒప్పుకోను, ఒక అక్షరం దాటి మళ్ళీ వెతుకుతాను. మొదటి అంకెకు సరిగ్గా ముందు పొల్లు ఉన్నా అంతే, ఎందుకంటే అక్కడ కనిపించే హల్లు నిజానికి ముందు అక్షరానికి వత్తు. మూడు బైట్లు ముందుకి, మూడు బైట్లు వెనక్కి చూస్తే చాలు. కోసిన ముక్కను మాత్రమే ఇచ్చే భాషలో ఈ రెండు చూపులకూ చోటు ఉండదు, చుట్టుపక్కల ఏముందో ఆ ముక్కకు తెలియదు కనుక. ముక్క ఏదని అడిగిన ఆ కొత్త ఇంజనీరుకి ఈ "పద్యం" ఉదాహరణ తెర మీద నడిపి చూపించాను. కాసేపు ఆ 0, 6 అంకెలనే చూస్తూ ఉన్నాడు. తర్వాత తను రాసిన కాపీ ఫంక్షన్‌ను తీసేసి, దాని చోట హద్దుల జతను తీసుకునే ఫంక్షన్ రాయడం మొదలుపెట్టాడు.